దొరకలేదంటే లేదనేనా?

ఆటవెలది పద్య లక్షణం మీరు తెలుగు క్లాసులో చదువుకునే ఉంటారు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, ఆపైన రెండు ఇంద్రగణాలు రావాలి. సూర్యగణమంటే ‘న’గణమైనా కావచ్చు, ‘హ’గణమైనా కావచ్చు. ఈ లక్షణం కవి ఏ మాటలు రాయాలో చెప్పదు. ఆ మాటల ఆకారం ఎలా ఉండాలో మాత్రమే చెబుతుంది. అందుకే వేలాది పద్యాలు ఒకే లక్షణంలో ఇమిడిపోతాయి. లక్షణం తెలిసినవాడు ఒక పాదాన్ని చూసి, అది ఆటవెలదికి సరిపోతుందో లేదో గణవిభజన చేసి చెప్పగలడు.

కంప్యూటరు చేత రాతను వెతికించేటప్పుడు కూడా ఇలాంటి లక్షణమే రాసి ఇస్తారు. “మొదట అంకె, తర్వాత చుక్క, ఆ తర్వాత మళ్ళీ అంకె” అని ఆకారం చెబితే, అలాంటి చోటును కంప్యూటరు వెతికి పట్టుకుంటుంది. దీనికి ఇంగ్లీషులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. మనం దీనిని ‘నమూనా’ అందాం.

ఈ ఆలోచనకు గణితరూపం ఇచ్చినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ క్లీనీ. నాడీకణాల అల్లిక ఎలా పనిచేస్తుందో గణితంలో చెప్పే ప్రయత్నంలో ఆయన 1951లో దీనిని రూపొందించాడు. 1968లో కెన్ థాంప్సన్ దీనిని కంప్యూటరులో రాతను వెతకడానికి వాడే పద్ధతి ప్రకటించాడు. నేడు వెబ్‌సైట్లను నడిపించే భాషల్లో ఒకటైన పి.హెచ్.పి.ని రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో మొదలుపెట్టాడు. అందులో నమూనాలను సరిచూసే యంత్రాంగానికి మూలం కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ 1997లో రాయడం ప్రారంభించినది. పి.హెచ్.పి.లో నమూనాతో వెతికే పనిముట్టు పేరు ప్రెగ్_మ్యాచ్. నమూనా కనిపించిన చోటల్లా రాతను ముక్కలు చేసే పనిముట్టు పేరు ప్రెగ్_స్ప్లిట్.

నమూనా రాయడం తేలికే. అది పనిచేయనప్పుడు తప్పు ఎక్కడుందో కనిపెట్టడమే అసలు విద్య. ఒక ఉదాహరణతో చూద్దాం.

వాన లెక్కల పట్టీ

మన అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. పశ్చిమ కనుమల చాటున ఉండటం, తూర్పు తీరానికి దూరంగా ఉండటం ఇందుకు కారణాలు. 1 మి.మీ. వాన అంటే ఒక చదరపు మీటరు నేల మీద 1 లీటరు నీరు. ఒక రోజున 2.5 మి.మీ. గాని అంతకు మించి గాని కురిస్తేనే భారత వాతావరణ శాఖ ఆ రోజును ‘వర్షదినం’గా లెక్కిస్తుంది. కరువు మండలాలను నిర్ణయించేటప్పుడు చూసే కొలతల్లో వానలోటు ముఖ్యమైనది. కాబట్టి వేరుశనగ వేసిన రైతుకు వాన పడటం ఎంత ముఖ్యమో, పడిన వాన సరిగా లెక్కకెక్కడం కూడా అంత ముఖ్యం.

ఒక రోజు వాన లెక్క ఇలా వచ్చిందనుకుందాం. మండలాల పేర్లు నిజమైనవే. అంకెలు మాత్రం పాఠం కోసం వేసుకున్నవి.

బుక్కరాయసముద్రం 12.4
డి. హీరేహాళ్ 8
శింగనమల  0.6
కూడేరు 0
గుత్తి ౧౫
నార్పల —

చివరి రెండు మూడు వరుసలు జాగ్రత్తగా చూడండి. కూడేరుకు ఎదురుగా 0 ఉంది. అంటే వర్షమాపకం చూశారు, చుక్క నీరు లేదు. నార్పలకు ఎదురుగా గీత ఉంది. అంటే ఆ రోజు వర్షమాపకం చూడలేదు. వాన పడిందో లేదో తెలియదు. గుత్తి లెక్క రాసినవారు తెలుగు అంకెలు వాడారు, అది 15.

ముందుగా చేత్తో లెక్క వేద్దాం. లెక్క తెలిసిన మండలాలు 5. మొత్తం 36 మి.మీ. సగటు 36 ÷ 5 = 7.2 మి.మీ. ఈ జవాబును గుర్తుంచుకోండి. కంప్యూటరు కూడా ఇదే చెప్పాలి.

మొదటి తప్పు: చుక్క ఉత్త చుక్క కాదు

“అంకె, చుక్క, అంకె” అనుకుని ఒక విద్యార్థి ఈ నమూనా రాశాడు:

/[0-9].[0-9]/

రెండు వాలుగీతలు నమూనాకు ఎల్లలు. [0-9] అంటే 0 నుంచి 9 వరకు ఏదైనా ఒకే ఒక అంకె. మధ్యలో చుక్క. చూడటానికి బాగానే ఉంది కదూ! ఫలితం చూడండి.

బుక్కరాయసముద్రం 2.4
శింగనమల 0.6
మిగిలినవి: దొరకలేదు

12.4 కాస్తా 2.4 ఎలా అయింది? కంప్యూటరు నడిచిన దారిలోనే మనమూ నడుద్దాం. మొదట 1 దగ్గర నిలబడింది. అది అంకె, సరిపోయింది. తర్వాత గుర్తు చుక్క. నమూనాలో చుక్కకు ‘ఏ గుర్తయినా ఒకటి’ అని అర్థం. కాబట్టి 2 సరిపోయింది. ఆ తర్వాత అంకె కావాలి. కాని అక్కడ చుక్క ఉంది. సరిపోలేదు. వెంటనే ఒక అడుగు ముందుకు జరిగి 2 దగ్గర మళ్ళీ మొదలుపెట్టింది. 2, చుక్క, 4 సరిపోయాయి. జవాబు 2.4.

దీని ఫలితం గమనించారా? 12.4 మి.మీ. మంచి వాన. 2.4 మి.మీ. అయితే అది వర్షదినమే కాదు! ఇక 8లో చుక్క లేదు కనుక డి. హీరేహాళ్ వాన అసలు లెక్కలోకే రాలేదు. సగటు 1.5కు పడిపోయింది.

దిద్దుబాటు ఇది:

/[0-9]+(\.[0-9]+)?/

కూడిక గుర్తుకు ‘ఒకటి గాని, అంతకు మించి గాని’ అని అర్థం. వెనక్కి వాలిన గీత చుక్కకు ముందు పెడితే, చుక్క ప్రత్యేక అర్థం పోయి ఉత్త చుక్క అవుతుంది. ప్రశ్నార్థకం అంటే ‘ఉన్నా సరే, లేకున్నా సరే’ అని. ఇప్పుడు 12.4, 8, 0.6, 0 అన్నీ దొరుకుతాయి. సగటు 21 ÷ 4 = 5.25. ఇంకా 7.2 రాలేదు. గుత్తి ఏమైంది?

రెండో తప్పు: అక్షరమంటే ఏమిటి?

[0-9] అంటే ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించే పది అంకెలే. ౧, ౫ వాటిలో లేవు. అయితే [0-9౦-౯] అని రాస్తే సరిపోతుందా? రాసి చూస్తే బుక్కరాయసముద్రంలో ఎంత వాన పడిందన్న ప్రశ్నకు ‘బ’ అనే అక్షరమూ, దాని వెనుక రెండు విరిగిన గుర్తులూ జవాబుగా వస్తాయి! ఎందుకు?

కంప్యూటరు రాతను సంఖ్యలుగా దాచుకుంటుంది. ప్రపంచ లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగు 1991లో వెలువడిన మొదటి కూర్పు నుంచే ఉంది. తెలుగు గుర్తులకు 3072 నుంచి 3199 వరకు 128 గదులు ఇచ్చారు. ఒక బైటులో 0 నుంచి 255 వరకే పడుతుంది. అందుచేత తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడేసి బైట్లలో సర్దుకోవాలి. ఇలా సర్దే యు.టి.ఎఫ్.-8 పద్ధతిని 1992లో రాబ్ పైక్‌తో కలిసి రూపొందించినది మనం ముందు చెప్పుకున్న కెన్ థాంప్సనే.

కాబట్టి ‘బుక్కరాయసముద్రం’ ఎంత పొడవు అన్న ప్రశ్నకు మూడు జవాబులు ఉన్నాయి. మనం పలికే అక్షరాలు 7: బు, క్క, రా, య, స, ము, ద్రం. యూనికోడ్ గుర్తులు 15. ఎందుకంటే కొమ్ము ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, సున్న ఒక గుర్తు. బైట్లు 45.

ప్రత్యేకంగా చెప్పకపోతే పి.హెచ్.పి. నమూనా బైట్లనే చూస్తుంది. ౦ అంటే దానికి 224, 177, 166 అనే మూడు బైట్లు. ౯ అంటే 224, 177, 175. కాబట్టి ౦-౯ అన్న మాటను అది “166 నుంచి 224 వరకు ఏ బైటయినా” అని చదువుకుంటుంది. ‘బ’ బైట్లు 224, 176, 172. మూడూ ఆ హద్దులోనే ఉన్నాయి! తర్వాతి కొమ్ము బైట్లు 224, 177, 129. మొదటి రెండూ పట్టుబడ్డాయి, 129 దగ్గర ఆగిపోయింది. ఆ విరిగిన గుర్తుల రహస్యం ఇదే.

మందు ఒక్క అక్షరం. నమూనా చివరి వాలుగీత తర్వాత ఇంగ్లీషు చిన్నబడి ‘యు’ పెట్టాలి. అప్పుడు అది బైట్లను కాక యూనికోడ్ గుర్తులను చూస్తుంది. ఇక్కడ తెలుగులో ‘యు’ అని రాస్తున్నాం. కంప్యూటరు మీద మాత్రం ఇంగ్లీషు అక్షరమే నొక్కండి.

/[0-9౦-౯]+(\.[0-9౦-౯]+)?/యు

౧౫ దొరికింది. అయితే పి.హెచ్.పి. తెలుగు అంకెలతో కూడికలు చేయలేదు. ముందు వాటిని 15గా మార్చాలి. ౦ సంఖ్య 3174, ౧ సంఖ్య 3175. అంటే అంకె సంఖ్యలోంచి 3174 తీసేస్తే దాని విలువ వస్తుంది. ఇప్పుడు సగటు 36 ÷ 5 = 7.2. మన చేతి లెక్కతో సరిపోయింది.

మూడో తప్పు: ఖాళీ ఉన్న చోటల్లా కోయడం

వాన ఎంతో తెలిసింది, కాని ఏ మండలానిదో కూడా కావాలి. పేరు ఒక ముక్కగా, అంకె ఒక ముక్కగా రావాలి. ఖాళీ దగ్గర కోస్తే చాలనిపిస్తుంది. ప్రెగ్_స్ప్లిట్‌కు ఒక్క ఖాళీని నమూనాగా ఇచ్చి చూద్దాం.

బుక్కరాయసముద్రం రెండు ముక్కలైంది. బాగుంది. డి. హీరేహాళ్ మాత్రం ‘డి.’, ‘హీరేహాళ్’, ‘8’ అని మూడు ముక్కలైంది. రెండో ముక్కే వాన అనుకుని ‘హీరేహాళ్’ను బలవంతంగా సంఖ్యగా మారిస్తే 0 వస్తుంది. శింగనమల వరుసలో రెండు ఖాళీలు ఉన్నాయి. వాటి మధ్య ఏమీ లేని ఖాళీ ముక్క ఒకటి పుట్టింది.

ఖాళీ ముక్కలను ఊడ్చేయడానికి కొందరు అర్రే_ఫిల్టర్ అనే పనిముట్టు వాడతారు. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. అది ‘లేదు’ అనిపించే ప్రతిదాన్నీ ఊడ్చేస్తుంది. పి.హెచ్.పి. దృష్టిలో 0 కూడా ‘లేదు’ కిందే లెక్క. కూడేరు సున్న ఊడ్చుకుపోయింది! చుక్క వాన లేని మండలం పట్టీలోంచే మాయమైతే సగటు 36 ÷ 4 = 9. ఎండిన నేలను లెక్కలోంచి తీసేస్తే జిల్లా తడిసినట్టు కనిపిస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. గుత్తి తెలుగు అంకెలను పట్టుకోకుండా, కూడేరు సున్నను ఊడ్చేస్తే సగటు 21 ÷ 3 = 7. అసలు జవాబు 7.2కు ఎంత దగ్గరో! ఒక తప్పు జవాబును తగ్గించింది, మరొకటి పెంచింది. జవాబు నమ్మశక్యంగా ఉన్నంత మాత్రాన దారి సరైనదని అనుకోరాదు.

సరైన కోత ఇది:

/ +(?=[0-9౦-౯])/యు

మొదట ఖాళీ, దాని పక్కన కూడిక గుర్తు: ఒకటి గాని, ఎన్నయినా గాని ఖాళీలు. ఆ పైది ‘ముందుచూపు’. తర్వాత అంకె ఉందా అని తొంగి చూస్తుంది, కాని దానిని మింగదు. కాబట్టి అంకెకు ముందున్న ఖాళీ దగ్గరే కోత పడుతుంది. డి. హీరేహాళ్ పేరు చెక్కుచెదరదు. శింగనమలకు ఖాళీ ముక్క పుట్టదు. నార్పల వరుస ఒకే ముక్కగా మిగులుతుంది. ముక్కలు రెండైతే లెక్క ఉంది. ఒకటైతే లెక్క లేదు. 0కూ గీతకూ తేడా నిలిచింది.

నాలుగో తప్పు: కంటికి ఒకటే, కంప్యూటరుకు వేరు

ఒక్కోసారి పేరు కళ్ళెదుటే ఉంటుంది, కంప్యూటరు లేదంటుంది. తెలుగులో ఇందుకు రెండు కారణాలు తరచుగా కనిపిస్తాయి.

ఒకటి: సున్న. బుక్కరాయసముద్రం చివర ఉన్నది పూర్ణానుస్వారం; దాని సంఖ్య 3074. టైపు చేసేవారు దాని బదులు తెలుగు అంకె ౦ నొక్కితే అది 3174. ‘బుక్కరాయసముద్ర౦’ అని చూపుకు తేడా తెలియదు. గుర్తుల లెక్క కూడా రెండింటికీ 15 వస్తుంది. ఒక్కో గుర్తు సంఖ్యను బయటపెట్టి చూస్తే తప్ప దొంగ దొరకడు.

రెండు: కనిపించని గుర్తు. ‘హీరేహాళ్‌లో’ అని రాసినప్పుడు ళకారపు పొల్లు కింద ‘ల’ వత్తుగా చేరకుండా మధ్యలో ఒక అదృశ్య గుర్తు పెడతారు. దాని సంఖ్య 8204. ఇది తెలుగు గదులకు బయట ఉంది. దీనికి వెడల్పు లేదు, సిరా లేదు. కాని నమూనాలో అది లేకపోతే మాట సరిపోలదు. ఇక్కడ మాత్రం గుర్తుల సంఖ్య ఒకటి ఎక్కువ రావడమే ఆనవాలు.

అయిదో తప్పు: రెండు రకాల ‘లేదు’

ప్రెగ్_మ్యాచ్ మూడు జవాబులు ఇస్తుంది. దొరికితే 1. వెతికినా లేకపోతే 0. వెతకడమే కుదరకపోతే ‘ఫాల్స్’. ఈ చివరి రెండింటినీ ఒకటిగా చూడటం అన్నిటికన్నా ప్రమాదం.

వెతకడం ఎందుకు కుదరదు? ఎవరో పేరును 20 బైట్ల దగ్గర కత్తిరించారనుకోండి. గుర్తుకు మూడేసి బైట్ల చొప్పున 18 బైట్లకు 6 గుర్తులు పోగా 2 బైట్లు విరిగి మిగులుతాయి. ‘యు’ పెట్టిన నమూనా విరిగిన రాతను ముట్టుకోదు. ఫాల్స్ అని తిప్పి పంపుతుంది. మనం అడిగే తీరులో జాగ్రత్త లేకపోతే దాన్ని “పేరు పట్టీలో లేదు” అని అర్థం చేసుకుంటాం. అందుకే జవాబు 0నా, ఫాల్సా అని మూడు సమాన గుర్తులు (===) పెట్టి విడిగా అడగాలి. ఫాల్స్ అయితే కారణమేమిటో ప్రెగ్_లాస్ట్_ఎర్రర్_ఎంఎస్‌జీ చెబుతుంది. ఈ పనిముట్టు 2020లో వచ్చిన పి.హెచ్.పి. 8 నుంచి ఉంది.

కూడేరు 0కూ, నార్పల గీతకూ ఉన్న తేడాయే ఇది. వర్షమాపకంలో నీరు లేకపోవడం వేరు, వర్షమాపకాన్ని చూడకపోవడం వేరు.

తప్పు పట్టే క్రమం

1. జవాబు చేత్తో తెలిసిన చిన్న పట్టీ మీద ముందు పరీక్షించండి.
2. నమూనా పనిచేయకపోతే దానిని చివరి నుంచి కుదించుకుంటూ రండి. ఏ ముక్క తీస్తే పనిచేసిందో తప్పు ఆ ముక్కలోనే ఉంటుంది.
3. దొరకవలసినవే కాక, దొరకకూడనివి కూడా ఇచ్చి చూడండి.
4. తెలుగు ఉంటే ‘యు’ పెట్టారో లేదో చూడండి. అయినా దొరకకపోతే గుర్తుల సంఖ్యలు బయటపెట్టండి.
5. లోపలికి వెళ్ళిన వరుసలనూ బయటికి వచ్చినవాటినీ లెక్కపెట్టండి. 6 వెళ్తే 5 లెక్కలు, 1 గీత రావాలి. మొత్తం మళ్ళీ 6 కావాలి.

అయిదో సూత్రం కంప్యూటరుకే కాదు, ప్రయోగశాలకూ, జనాభా లెక్కలకూ వర్తిస్తుంది. పట్టీలో ఒక పేరు లేదని చెప్పే ముందు, మనం వెతికిన తీరులో లోపం లేదని తేల్చుకోవాలి. ఆ పేరు వెనుక ఒక ఊరో, ఒక మనిషో ఉంటారు.

చేసి చూడండి

1. ‘అనంతపురం’లో పలికే అక్షరాలు, యూనికోడ్ గుర్తులు, బైట్లు ఎన్నెన్ని?
2. 12.4 అనే రాతను /./ నమూనాతో విడగొడితే ఎన్ని ముక్కలు వస్తాయి? వాటిలో ఏముంటుంది?
3. నక్షత్రం గుర్తుకు ‘ఎన్నయినా సరే, వీలైనన్ని ఎక్కువ’ అని అర్థం. ‘గుత్తి (15) నార్పల (2)’ అనే వరుసలో /\(.*\)/ నమూనాకు ఏది దొరుకుతుంది? 15 ఒక్కటే కుండలీకరణాలతో రావాలంటే ఏం చేయాలి?

జవాబులు

1. 5, 8, 24.
2. ప్రతి గుర్తూ కోత గుర్తే అవుతుంది. 4 కోతలకు 5 ముక్కలు, అన్నీ ఖాళీలే.
3. ‘(15) నార్పల (2)’ మొత్తం దొరుకుతుంది. నక్షత్రం పక్కన ప్రశ్నార్థకం పెట్టి /\(.*?\)/ అని రాస్తే వీలైనంత తక్కువ తీసుకుని ‘(15)’ దగ్గర ఆగుతుంది.